నెత్తురు చుక్కలో తొమ్మిది కోట్ల అక్షరాలు

బోదకాలు తెచ్చే పురుగు పేరు వుచెరేరియా బాంక్రాఫ్టి. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవు, కుట్టుదారమంత మందం. మగది అందులో సగానికి మించదు. మనిషి ఒంట్లోని శోషరస నాళాల్లో ఈ రెండూ ఉండ చుట్టుకొని ఏళ్ల తరబడి బతుకుతాయి. ఆడది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. పావు మిల్లీమీటరుండే ఆ పిల్ల పురుగులను మైక్రోఫైలేరియాలంటారు. పగలంతా అవి ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో తలదాచుకుంటాయి, రాత్రి పది దాటాక చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. దోమ ఒంట్లో పది పద్నాలుగు రోజులు పెరిగి, అది మళ్లీ కుట్టినప్పుడు ఇంకో మనిషిలోకి దూరతాయి. బోదకాలు, అంటే ఫైలేరియా పరీక్షకు వచ్చేవాళ్లు అర్ధరాత్రి తలుపు తట్టి వేలిమీద పొడిచేది ఇందుకే.

పాత వరంగల్, కరీంనగర్ జిల్లాలు కలిసే దిక్కున ఉన్న పరకాల లాంటి పట్టణానికి ఈ దోమ కొత్తది కాదు. మూతలేని మురుగు కాలువ, పొంగిన సెప్టిక్ ట్యాంకు, పెంటకుప్ప పక్కన నిలిచిన నల్లనీళ్లు దీనికి చాలు. డెంగీ దోమలా మంచినీళ్లు వెతుక్కోదు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు మీద చేసిన అధ్యయనాల్లో కరీంనగర్, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాలు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం బోదకాలు బాధితులకు 2018లో నెలకు 1000 రూపాయల పింఛను మొదలుపెట్టి, మరుసటి ఏడాది 2016 రూపాయలు చేసింది. కాలు వాచినవాళ్లు పింఛను వరసలో కనబడతారు. అదే పురుగు వల్ల బుడ్డ వచ్చిన మగవాళ్లు మాత్రం సిగ్గుతో బయటపడరు.

ఈ పురుగు గురించిన తొలి సంగతులు మన దేశంలోనూ దొరికాయి. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి నెత్తురులో మైక్రోఫైలేరియాలను చూశాడు. 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ అవి దోమ ఒంట్లో పెరుగుతాయని తేల్చాడు. ఒక పురుగు మనిషికి రావడానికి దోమ కావాలన్న మాట వైద్యానికి అప్పటికి కొత్త.

ఆ తర్వాత నూరేళ్లకు పైగా పురుగును సూక్ష్మదర్శినిలో చూడటమే తప్ప, దాని లోపలి రాత చదివే వీలు లేకపోయింది. జీవి జన్యుక్రమమంటే దాని డీఎన్ఏలో నాలుగు రసాయన అక్షరాలు ఏ వరసలో ఉన్నాయో మొదటి నుంచి చివరిదాకా రాసుకోవడం. అంత పొడవును ఒకే ఊపులో చదివే యంత్రాలు లేవు. కాబట్టి ఒకే పుస్తకం ప్రతులు చాలా తెచ్చి, అన్నిటినీ తునకలుగా చించి, ఒక్కో తునకనూ చదివి, అంచులు కలిసే చోటు చూసుకుంటూ మళ్లీ కుట్టాలి. ఈ కుట్టుపనిలో సగం కష్టం ఒకే మాట పదేపదే వచ్చే పేజీలతోనే.

మొదట చదివింది పరకాల పురుగును కాదు, దాని దాయాదిని. 2007 సెప్టెంబరులో ఎలోడీ గెడిన్ బృందం సైన్స్ పత్రికలో ప్రకటించింది బ్రూజియా మలయి జన్యుక్రమం. మన దేశంలో ఆ పురుగు కనిపించేది ప్రధానంగా కేరళలో. దేశంలోని ఫైలేరియాలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా బాంక్రాఫ్టిదే. అయినా దాయాదిని ముందు పట్టుకోవడానికి కారణం వసతి. బ్రూజియాను మంగోలియా ఎలుకజాతి జంతువు జెర్బిల్‌లో పెంచవచ్చు, కావలసినన్ని పురుగులు తీసుకోవచ్చు. బాంక్రాఫ్టి మనిషిలో తప్ప సరిగా బతకదు. ప్రయోగశాలకు వీలైన పురుగునే సైన్సు ముందు చదివిందన్నమాట. జబ్బు ఎక్కువ మందికి తెచ్చే పురుగు వంతు వచ్చేసరికి మరికొన్నేళ్లు పట్టింది.

బ్రూజియా పుస్తకం సుమారు తొమ్మిది కోట్ల అక్షరాలు, అందులో దాదాపు 11,500 జన్యువులు. మట్టిలో స్వేచ్ఛగా తిరిగే సీనోరాబ్డిటిస్ ఎలిగాన్స్ అనే నులిపురుగు జన్యుక్రమం 1998లోనే వచ్చింది. బహుకణ జీవుల్లో మొదట చదివింది దాన్నే. దాని జన్యువులు ఇరవై వేల దాకా. ఒకరి ఇంట్లో తిని ఉండే ప్రాణికి సొంత వంటగది అక్కర్లేదు కదా! బ్రూజియాలో హీమ్ అనే పదార్థాన్ని తయారుచేసే ఎంజైములు దాదాపుగా లేవు. రైబోఫ్లేవిన్ అనే విటమిన్ చేసుకునే దారీ లేదు. మరి ఇవి ఎక్కడివి?

జవాబు పురుగు కణాల్లోనే ఉంది. వోల్బాకియా అనే బాక్టీరియా బ్రూజియాలోనూ బాంక్రాఫ్టిలోనూ కాపురముంటుంది. ఈ బాక్టీరియా జాతిని 1924లో మొదటగా గుర్తించింది క్యూలెక్స్ దోమలోనే కావడం ఒక విచిత్రం. పురుగులో ఉండేది మాత్రం వేరే రకం. దాని జన్యుక్రమాన్ని జెరెమీ ఫాస్టర్, బార్టన్ స్లాట్కో బృందం 2005లో ప్రచురించింది. సుమారు 10.8 లక్షల అక్షరాలు, ఎనిమిది వందల పైచిలుకు జన్యువులు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే లెక్క తేలింది. హీమ్, రైబోఫ్లేవిన్ చేసే యంత్రాంగం బాక్టీరియా దగ్గరుంది. అమైనో ఆమ్లాలు చాలావరకు చేసుకోలేని బాక్టీరియాకు అవి పురుగు పెడుతుంది. ఒకటి పోతే రెండోది నిలవదు. పురుగును చంపే మందు కోసం వెతుకుతున్న వాళ్లు బాక్టీరియాను చంపే మందును అప్పటికే పరీక్షిస్తున్నారు. డాక్సీసైక్లిన్‌ను టాంజానియాలో ఎనిమిది వారాలు ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు కూడా 2005లోనే లాన్సెట్‌లో వచ్చాయి. పెద్ద పురుగులు చాలావరకు చచ్చాయి. కానీ ఊరందరికీ ఎనిమిది వారాలు రోజూ గోలీ మింగించడం జరిగే పనికాదు, పైగా గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఆ మందు పనికిరాదు.

ఇక బాంక్రాఫ్టి. దాన్ని చదవడంలో చిక్కు పురుగుది కాదు, నెత్తురుది. రోగి దగ్గర దొరికేది వేలి మీది నెత్తురు చుక్క, లేదా అతన్ని కుట్టిన దోమ. మిల్లీలీటరు నెత్తురులో తెల్లకణాలు నలభై లక్షలకు తక్కువుండవు. ఒక్కో కణంలో మనిషి డీఎన్ఏ అక్షరాలు ఆరువందల కోట్లు. వాటి మధ్య మైక్రోఫైలేరియాలు ఒక్కోసారి ఒకటో రెండో. తాలు రాశిలో గింజ ఏరడం కూడా ఇంతకన్నా నయం. అందుకని పరిశోధకులు ఏరడం మానేసి గింజనే పెంచారు. పురుగు డీఎన్ఏలో తరచుగా వచ్చి, మనిషి డీఎన్ఏలో అరుదుగా వచ్చే చిన్న చిన్న అక్షరమాలలను కంప్యూటరుతో ఎంచి, ఆ చోట్ల నుంచే ప్రతులు తీసే ఎంజైమును వాడారు. గంటల్లో పురుగు డీఎన్ఏ ఎన్నో రెట్లు పెరుగుతుంది, మనిషిది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఈ పద్ధతి రాకముందే బాంక్రాఫ్టి తొలి చిత్తుప్రతి 2013లో, లోవా లోవా అనే ఆఫ్రికా పురుగు జన్యుక్రమంతో పాటు వచ్చింది. 2016లో పాపువా న్యూగినీ నమూనాలతో స్కాట్ స్మాల్ బృందం ఇంకా మెరుగైనది తెచ్చింది.

అదే బృందం 2019లో హైతీ, మాలి, కెన్యా, పాపువా న్యూగినీ పురుగులను పోల్చి చూసింది. ఈ పురుగు పుట్టిల్లు ఆగ్నేయాసియా దీవుల వైపనీ, సముద్రయానం చేసిన ప్రజలతో తూర్పు ఆఫ్రికాకు చేరిందనీ, బానిసల ఓడల్లో అమెరికా ఖండాలకు దాటిందనీ ఆ పోలిక సూచించింది. మనిషి మోసిన మూటల్లో ఇదొకటి. అంతకుముందు 2012లో మైటోకాండ్రియా డీఎన్ఏను మాత్రమే చదివిన అధ్యయనంలో మాలి, పాపువా న్యూగినీలతో పాటు భారతదేశపు పురుగు కూడా ఉంది.

ఈ చదువు ఊళ్లోకి వచ్చే దారి దోమలే. బాంక్రాఫ్టి డీఎన్ఏలో 188 అక్షరాల ముక్క ఒకటి వందల సార్లు తిరిగి వస్తుంది. పట్టిన దోమలను పాతిక చొప్పున గొట్టంలో వేసి నూరి ఆ ముక్క కోసం పీసీఆర్ పరీక్ష చేస్తే, ఎవరి వేలూ పొడవకుండానే ఊళ్లో పురుగు తిరుగుతోందో లేదో తెలుస్తుంది. సామూహిక మందుల పంపిణీ ఆపేసిన ప్రాంతాల్లో జబ్బు తిరిగొస్తే, అది మిగిలిపోయిన పాత పురుగా, వలసవచ్చిందా అన్నది కూడా జన్యుక్రమాలు పోల్చి తేల్చవచ్చు. మందుకు లొంగని పురుగులను పసిగట్టే పని ఇంకొకటి. ఫైలేరియాకు పంచే మందుల్లో ఒకటైన ఆల్బెండజోల్ పనిచేసే బీటా ట్యూబ్యులిన్ జన్యువులో 200వ స్థానంలో ఒక్క మార్పు, పశువుల నులిపురుగుల్లో మందును పనికిరాకుండా చేసేదే, పశ్చిమాఫ్రికా బాంక్రాఫ్టిలోనూ కనబడిందని 2005లో ప్రకటించారు. మన బడిపిల్లలకు నులిపురుగుల దినాన ఇచ్చే గోలీ కూడా ఆల్బెండజోలే.

ఊళ్లలో పంచే మందుల్లో అసలైనది డీఈసీ. 2004లో దేశంలో సామూహిక పంపిణీ దానితోనే మొదలైంది. తర్వాత ఆల్బెండజోల్, 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ తోడయ్యాయి. డీఈసీ వెనక తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు సారథిగా ఉండగా, 1947లో అది వెలుగులోకి వచ్చింది. ఫైలేరియాకు పేరుపడ్డ గోదావరి జిల్లాలో పుట్టినవాడి చేతిమీదుగా ఆ మందు రావడం యాదృచ్ఛికమే కావచ్చు. మరుసటి ఏడాదే ఆయన పోయారు. కోట్లమంది మింగిన ఆ గోలీ పురుగును ఏం చేస్తుందో మాత్రం డెబ్బై ఏళ్లు దాటినా సరిగా అంతుబట్టలేదు. గాజుపళ్లెంలో పురుగు మీద పోస్తే అది చావదు. బ్రూజియా జన్యుక్రమం చేతిలో ఉండటంతో, కండర కణాల పొరల్లోని టీఆర్‌పీ అనే ద్వారాల జన్యువులను అందులో గుర్తించి, ఒక్కొక్కటిగా అణచి చూసే వీలు కలిగింది. డీఈసీ ఆ ద్వారాలను తెరుస్తుందని 2020లో అమెరికాలోని అయోవా పరిశోధకులు చూపించారు. కండరం బిగుసుకుపోయి పురుగు కొయ్యబారుతుంది. నాలుగైదు గంటల్లో మళ్లీ కదులుతుంది. ఆ లోపల దాన్ని పట్టుకొని చంపే పని మనిషి ఒంట్లోని రక్షణ కణాలదే.