ధర చూసి కాదు.. దారి చూసి కొనండి!

ఆఖరి సెమిస్టర్ అయిపోయింది. క్యాంపస్‌లో కొలువు కొట్టినవాళ్లు జాయినింగ్ డేట్ కోసం చూస్తున్నారు. మిగతావాళ్లు ఇంటర్వ్యూల వేటలో ఉన్నారు. ‘మళ్లీ అందరం ఎప్పుడు కలుస్తామో! ఓ పాత కారు కొని అరకు వెళ్లొద్దామా?’ అని హాస్టల్ గదిలో ఎవరో ఒకరు అననే అంటారు. నలుగురూ తలో 40 వేలు వేసుకుంటే లక్షా 60 వేలు. ఆ డబ్బుకి బండ్లు దొరుకుతాయి కూడా. కానీ హైదరాబాద్ నుంచి విశాఖ మీదుగా అరకు వెళ్లి రావాలంటే రమారమి 1,500 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు ఒకటి. ఊళ్లో తిరిగే బండి వేరు, ఈ దూరాన్ని తట్టుకునే బండి వేరు. ఏది ఏదో తేల్చుకోవడం ఎలాగో చూద్దాం.

నాలుగో వాటా దాచండి

ఉన్న డబ్బంతా బండి ధరకే పెట్టేస్తే మొదటి రిపేరుకే ఇంటికి ఫోన్ చేయాల్సొస్తుంది. ముగ్గురి వాటాతో బండి కొనండి, నాలుగో వాటా ముట్టుకోకండి. టైర్లు, బ్యాటరీ, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, ఇన్సూరెన్స్, పేరు మార్పిడి.. వీటన్నిటికీ అదే ఆధారం.

ఏ బండైతే మేలు?

ఏలూరు దగ్గరో, తుని దగ్గరో రాత్రి ఎనిమిదింటికి బండి ఆగిపోయిందనుకోండి. అక్కడి మెకానిక్‌కి ఆ ఇంజిన్ తెలిసుండాలి, విడిభాగం ఆ ఊళ్లోనే దొరకాలి. ఆల్టో, వ్యాగన్ఆర్, శాంత్రో, ఐ10 లాంటివి చూడ్డానికి సాదాసీదాగా ఉన్నా ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఇంతకంటే పెద్ద బండి అదే ధరకు వస్తోందంటే కారణం ఆరా తీయండి. షెవర్లే కార్ల అమ్మకాలు మన దేశంలో 2017 చివర్లో ఆగిపోయాయి. ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. అవి చెడ్డ బండ్లని కాదు. విడిభాగం కోసం ఊరు కాని ఊళ్లో రెండు రోజులు ఆగే వీలు మీకుందా అన్నదే ప్రశ్న.

మైలేజీ మోజు కూడా వద్దు. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే బండికి ఈ ట్రిప్పులో 100 లీటర్లు పడుతుంది. 20 ఇచ్చేదానికి 75 చాలు. తేడా పాతిక లీటర్లే, నలుగురూ పంచుకునేది. దానికోసం పాత డీజిల్ బండి కొన్నాక ఇంజెక్టర్లో, టర్బోనో పాడైతే ఆదా చేసినదానికి ఎన్నో రెట్లు షెడ్డుకి కట్టాలి.

సంతలో ఎడ్లను చూసినట్టు..

పళ్లు చూడకుండా, నడిపించి చూడకుండా ఎడ్లను ఏ రైతూ కొనడు. బండీ అంతే. తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. మీరూ ఇవి చూడండి.

ఇంజిన్: పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. మీరొచ్చేసరికే వేడెక్కి ఉంటే అనుమానించాల్సిందే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోయినా, ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి పూత కనిపించినా కూలెంట్ లోపలికి చేరుతోందేమో చూపించండి.

క్లచ్, బ్రేకులు: ఎత్తు మీద ఆపి మళ్లీ ఎక్కించండి. ఇంజిన్ అరుస్తున్నా బండి కదలకపోతే క్లచ్ అరిగినట్టే. బ్రేకు వేస్తే ఒక పక్కకి లాగకూడదు. అరకు నుంచి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. రెండో గేరులో దిగాలి. 

టైర్లు: పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాళ్లు బాగున్నా ఆరేళ్లు దాటినవాటిని దూర ప్రయాణానికి నమ్మొద్దు.

వరద బండి: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, మ్యాట్ల కింద వాసన చూడండి. బురద చార ఉంటే బేరమే వద్దు.

కాగితాల్లో ఎవరి పేరు?

డబ్బు నలుగురిదైనా పేరు ఒక్కరిదే. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ లేకపోతే పరిహారం భారం ఆ ఒక్కరి మీదా పడుతుంది. ఆ పేరు ఎవరిదో, ఖర్చొస్తే ఎలా పంచుకుంటారో ముందే మాట్లాడుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి యజమాని పేరు, ఇన్సూరెన్స్ గడువు, రిజిస్ట్రేషన్ వివరాలు సరిచూసుకోండి. బండి మీద బ్యాంకు లోను ఉంటే అది తీరినట్టు పత్రం తీసుకోండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ముగుస్తుంది, ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. అందుకే 14 ఏళ్ల బండి చవక. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలుండాలి. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకి మార్పించుకోవాలి.

కొన్న మర్నాడే అరకు బయల్దేరొద్దు. ముందు వరంగల్ దాకా వెళ్లి రండి. పోనూ రానూ 300 కిలోమీటర్లు. ఉష్ణోగ్రత ముల్లు ఎక్కుతోందా, వాన వస్తే వైపర్లు పనిచేస్తున్నాయా, నిలిపినచోట ఆయిల్ చుక్కలున్నాయా గమనించండి. బయటపడాల్సిన లోపాల్లో చాలావరకు అక్కడే, ఇంటికి దగ్గర్లోనే బయటపడతాయి.

ట్రిప్పు అయ్యాక బండి అమ్మేసి ఎవరి ఉద్యోగానికి వాళ్లు వెళ్లిపోతారు కదా! అప్పుడూ తొందరపడొద్దు. బండి చేతులు మారినా రికార్డుల్లో పేరున్నవారే యజమాని అని 2018లో ఒక తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే మీరు బెంగళూరులో కొలువు చేసుకుంటుంటే, ఎవరో చేసిన ప్రమాదానికి నోటీసు మీ ఇంటికి రావచ్చు. పేరు మారిందని యాప్‌లో మీ కళ్లతో చూశాకే ఊరు వదలండి.