ఆరు లక్షల్లో స్పోర్ట్స్ కారు.. మూడో పెడల్ పట్టించింది!

యూపీఐ పిన్ కొట్టడం ఒక్కటే మిగిలింది. 20 వేలు అడ్వాన్స్. హైదరాబాద్‌లో ఓ ఆటో కన్సల్టెన్సీ, ఎండలో తళతళలాడుతున్న 2015 మోడల్ పోలో. గ్రిల్ మీద 'జీటీ' బ్యాడ్జి, డిక్కీ మీద 'టీఎస్‌ఐ' అక్షరాలు. ధర 4 లక్షల 10 వేలు. నేను అప్పటికే డ్రైవింగ్ సీట్లో కూర్చుని సెల్ఫీ కూడా దిగేశాను.

జహీరాబాద్ నుంచి నాతోపాటు వచ్చిన మిస్త్రీ చాచా కిటికీలోంచి తల లోపల పెట్టాడు.

"బేటా, కాళ్ల కాడ ఎన్ని పెడల్స్ ఉన్నయ్?"

"మూడు చాచా."

"దీనికి రెండే ఉండాలె గద!"

నా చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది. పోలో జీటీ టీఎస్‌ఐ 2013లో వచ్చింది. ఆ ఏడాది నుంచి బీఎస్-6 వచ్చేదాకా అది ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో మాత్రమే అమ్ముడైంది. అంటే 2015 పెట్రోల్ జీటీలో క్లచ్ పెడల్ ఉండే ప్రశ్నే లేదు. చాచా బానెట్ తెరిపించాడు. టీఎస్‌ఐ అయితే నాలుగు సిలిండర్లు, 105 హార్స్‌పవర్. లోపల ఉన్నది మూడు సిలిండర్ల మామూలు 1.2 ఇంజిన్, 75 హార్స్‌పవర్. ఆర్సీ తీసి చూస్తే 1198 సీసీ. అసలు టీఎస్‌ఐ 1197. ఒక్క సీసీ తేడా! దాన్ని ఎవరు చూస్తారు?

"బ్యాడ్జీలు పాత ఓనర్ పెట్టుకున్నడు అన్నా, మేం పెట్టలే" అన్నాడు కన్సల్టెన్సీ కుర్రాడు, చాలా మామూలుగా.

యూట్యూబ్‌లో ఆ కారు వీడియోలు కనీసం వంద చూసి ఉంటాను. జీరో నుంచి హండ్రెడ్ ఎన్ని సెకన్లో నిద్రలో లేపినా చెబుతాను. పెడల్స్ లెక్కపెట్టాలని మాత్రం తట్టలేదు.

ట్రాక్టర్ల ఊళ్లో స్పోర్ట్స్ కారు పిచ్చి

మాది 65వ నంబర్ జాతీయ రహదారి మీద ఊరు. ఆదివారం పొద్దున హైవే పక్కన చాయ్ హోటల్ దగ్గర నిలబడితే, హైదరాబాద్ నుంచి సర్రున వచ్చి కర్ణాటక వైపు వెళ్లిపోయే ఖరీదైన కార్లు కనిపిస్తాయి. ముందు చప్పుడు వస్తుంది, తర్వాత కారు. నా పిచ్చి అక్కడే మొదలైంది.

తమాషా ఏంటంటే మా ఊరికి బండ్లు తయారుచేసిన చరిత్ర ఉంది. 1980ల్లో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు ఇక్కడే తయారయ్యాయి. తర్వాత ఆ ప్లాంట్ మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లకు ఇది పెద్ద అడ్డా. అదే మహీంద్రా 2015లో ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనాను కొనడానికి ఒప్పందం చేసుకుంది. దశాబ్దాలపాటు ఫెరారీలకు రూపం దిద్దిన సంస్థ అది. 2019లో ఆ పేరుతోనే బటిస్టా అనే 1900 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ కారును లోకానికి చూపించారు. అది చుట్టరికం లెక్కన మా ఊరి ట్రాక్టర్‌కు చెల్లెలే అని మా దోస్తుల దగ్గర కోస్తుంటాను.

నా దగ్గరున్నది మాత్రం ఆరు లక్షలు. నాలుగున్నర నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి దాచుకున్నవి. లక్షన్నర నాయిన అల్లం అమ్మిన పైసలు. ఆ లక్షన్నరకు షరతు ఉంది: "మీ అమ్మ మోకాళ్లకు నెలకోసారి హైదరాబాద్ దవఖానకు పోవాలె. ఎక్కుడు దిగుడు కష్టం కాకుండ ఉండాలె. రెండు డోర్ల కారు తెస్తే ఇంట్ల పెట్టనియ్య."

నాయిన భయపడాల్సిన పనేం లేదు. మన బడ్జెట్‌లో రెండు డోర్ల కార్లు దొరికితే కదా!

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఇదే ప్రశ్న అడిగితే మజ్డా మియాటా అంటారు. 1989లో వచ్చిన రెండు సీట్ల చిన్న కారు. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. వాళ్లకు సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా దొరుకుతుంది. మన దగ్గర మజ్డా ఆ కారును అసలు అమ్మనే లేదు. బయటి నుంచి పాతది తెప్పిద్దామంటే, మూడేళ్లకు మించి వయసు ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి, ఆపైన పన్నుల మోత. మన దేశం వాళ్లూ ఓసారి ప్రయత్నించారు. 1990ల చివర్లో గోవాలో శాన్ స్టార్మ్ అని ఫైబర్ బాడీతో రెండు సీట్ల కారు చేశారు. పాపం, ఎక్కువమంది కొనలేదు.

అందుకే మనకు స్పోర్ట్స్ కారు అంటే మామూలు కారులో మంచి ఇంజిన్. నాలుగు డోర్లు, వెనక అమ్మ, ముందు మన సరదా. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

మూడు కార్లు, మూడు తలనొప్పులు

పోలో జీటీ మీద మనసు ఇంకా చావలేదు. "అసలుదే వెతుకుదాం చాచా" అన్నాను. అప్పుడు చెప్పాడు తనకు రెండు పెడల్స్ సంగతి ఎట్లా తెలుసో. కొన్ని నెలల కింద బీదర్ నుంచి ఒకాయన అదే కారు ఆయన షెడ్డుకు టోయింగ్ చేసి తెచ్చాడట. గేర్ పడటం లేదు. ఆ ఏడు గేర్ల డీఎస్‌జీలో రెండు డ్రై క్లచ్‌లు, వాటిని నడిపే మెకట్రానిక్ యూనిట్ ఉంటాయి. నడిచినన్నాళ్లు వెన్నలా నడుస్తుంది. ఆ యూనిట్ పోతే లక్ష దాటే బిల్లు. ట్రాఫిక్‌లో ఇంచులు ఇంచులుగా కదిలే ఊళ్లో నడిచిన కారైతే క్లచ్‌లు ముందే అరుగుతాయి. నాలుగు లక్షల కారుకు లక్షన్నర గేర్‌బాక్స్ పని అంటే, పెళ్లికంటే విందు ఖర్చు ఎక్కువైనట్టే.

ఫియట్ అభిమానుల సంగతి వేరు. 2015లో వచ్చిన అబార్త్ పుంటోలో 145 హార్స్‌పవర్. చిన్న కారులో అంత దమ్ము అప్పట్లో అరుదు. ఒకసారి నడిపాను. నిజంగా గుండె జారింది. కానీ 2019లో ఫియట్ పేరే మన మార్కెట్ నుంచి మాయమైంది. పాత కారును ప్రేమించే టైమ్, ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లకు అది బంగారం. అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన రోజే హెడ్‌లైట్ కోసం మూడు రాష్ట్రాలకు ఫోన్లు చేసే ఓపిక నాకు లేదు.

2004 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కూడా చూశాను. 150 హార్స్‌పవర్ టర్బో, ధర నమ్మలేనంత తక్కువ. ఎందుకంటే ప్రైవేట్ కారు ఆర్సీ గడువు 15 ఏళ్లే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 10 వేలు. అది పెద్ద లెక్క కాదు కానీ, ఫిట్‌నెస్ పాస్ చేయించే ముందు షెడ్డులో అయ్యే ఖర్చే అసలు లెక్క.

చవక బండి నంబర్ ప్లేట్ చూడండి

మాది బార్డర్ ఊరు. బీదర్ దగ్గరే. మా వీధిలోనే కేఏ-38 నంబర్ బండ్లు బోలెడు. ఈ మధ్య డీఎల్ నంబర్లు కూడా కనిపిస్తున్నాయి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద కోర్టులు ఆంక్షలు పెట్టడంతో, అక్కడి ఓనర్లు గడువు దగ్గరపడగానే అమ్మేస్తుంటారు. అవి ఇక్కడ లక్ష తక్కువకు దొరుకుతాయి.

ఆ లక్ష మిగిలిందని మాత్రం అనుకోవద్దు. బయటి రాష్ట్రం బండి కొంటే ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్వోసీ కావాలి. 12 నెలలకు మించి ఇక్కడ తిప్పాలంటే తెలంగాణ నంబర్ తీసుకోవాల్సిందే, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాల్సిందే. అక్కడ కట్టింది వెనక్కి అడగొచ్చు కానీ ఆ తిరుగుడు మీ పనే. "ఎన్వోసీ రేపొస్తది" అన్న మాట విని పూర్తి పైసలు ఇచ్చేసిన దోస్త్ ఒకడున్నాడు నాకు. ఎనిమిది నెలలైంది. ఆ రేపు ఇంకా రాలేదు. పోలీసులు ఆపినప్పుడల్లా వాడి మొహం చూడాలి.

అందుకే నేను తెలంగాణ నంబర్ బండే అని గిరి గీసుకున్నాను. అయినా చూసుకోవాల్సినవి ఉంటాయి. ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరుంటే లోన్ తీరినట్టు ఎన్వోసీ, ఫారం 35 చేతికి వచ్చాకే పైసలు. ఈ-చలాన్ సైట్‌లో నంబర్ కొడితే పాత ఓనర్ పుణ్యకార్యాలన్నీ బయటపడతాయి. నేను చూసిన ఒక స్విఫ్ట్ మీద 31 ఓవర్ స్పీడ్ చలాన్లు. "ఇంజిన్ మంచిగున్నట్టే గద" అన్నాడు చాచా.

ఆయన చూసే పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇంజిన్ దగ్గరికి చివర్లో వెళ్తాడు. ముందు సీట్ బెల్ట్‌ను మొత్తం బయటికి లాగుతాడు. చివర్లో బురద మరక కనిపిస్తే ఆ బండి నీళ్లలో మునిగినట్టే. 2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో గుర్తుంది కదా. అవన్నీ తుక్కుకు వెళ్లలేదు. తర్వాత సీట్ల కింద రైలింగ్ తుప్పు చూస్తాడు. డోర్ల రబ్బరు లాగి వెల్డింగ్ చుక్కలు చూస్తాడు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి పొగ చూస్తాడు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. "ముందే వేడి చేసి పెట్టినోని దగ్గర కొనకు" అనేది ఆయన రూల్.

చివరికి దొరికింది

నాలుగు నెలల తర్వాత సంగారెడ్డిలో దొరికింది. 2018 మారుతి బలెనో ఆర్ఎస్. పేరు వినగానే మీలో కొందరు నవ్వుతారని తెలుసు. నేనూ నవ్వినవాడినే. కానీ ఇందులో ఒక లీటర్ బూస్టర్‌జెట్ టర్బో, 102 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 2017లో వచ్చినప్పుడు షోరూమ్ ధర 8.69 లక్షలు. బీఎస్-6 రాకతో ఆపేశారు. అదే కుటుంబం ఇంజిన్ 2023లో ఫ్రాంక్స్‌లో తిరిగి వచ్చింది కాబట్టి దాన్ని విప్పడం తెలిసిన చేతులు ఇంకా ఉంటాయని నా లెక్క.

ఒక విషయం మాత్రం కొనేముందే చూశాను. 2023 ఏప్రిల్‌లో మారుతి ఈ మోడల్ బండ్లు 7,213 రీకాల్ చేసింది. బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ పంప్‌లో లోపం ఉండొచ్చని, పెడల్ గట్టిగా తొక్కాల్సి రావచ్చని. కంపెనీ ఫ్రీగా మారుస్తుంది. చాసిస్ నంబర్ పట్టుకుని సర్వీస్ రికార్డు అడిగితే, ఈ బండికి ఆ పని అయిపోయినట్టు తేలింది. పాత కారు ఏది కొన్నా ఈ రీకాల్ సంగతి అడగండి. ప్రాణం మీదికి వచ్చేది మ్యూజిక్ సిస్టమ్ కాదు, బ్రేకు.

బేరం 4 లక్షల 85 వేల దగ్గర తెగింది. నాలుగు టైర్లు 26 వేలు. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ఫ్లూయిడ్ కలిపి 9 వేలు. బ్యాటరీ ఐదున్నర. ఇన్సూరెన్స్ 14 వేలు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మనకు రాదు, అది ఆయన వెంటే పోతుంది. ఓనర్ మార్పుకు ఫారం 29, 30 ఇద్దరం సంతకాలు పెట్టి ఆ వారమే ఇచ్చేశాం. అమ్మినాయనకు 14 రోజులు, కొన్నవాళ్లకు 30 రోజులు గడువు. నాకంటే ఆయనే తొందరపడ్డాడు. ఆర్సీ మారకముందు నేను ఎవరినైనా గుద్దితే నోటీసు ఆయన ఇంటికి పోతుంది మరి.

ఇప్పుడు చేతిలో 60 వేలు మిగిలాయి. అవి ముట్టుకోను. పెట్రోల్ బంకుల్లో వచ్చేది ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20. దాన్ని తట్టుకునే రబ్బరు పైపులు, సీల్స్ ఉన్న కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. నాది 2018ది. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. అలాంటి పాత కార్లకు ఆరేడు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. చాచా ప్రతి సర్వీసుకూ ఫ్యూయల్ పైపులు వేలితో నొక్కి చూస్తున్నాడు.

మొదటి ఆదివారం అమ్మను, నాయినను ఎక్కించుకుని ఝరాసంగం కేతకి సంగమేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లాను. దారిలో ఖాళీ చూసి, రెండో గేర్‌లో కొంచెం గట్టిగా తొక్కాను. టర్బో అందుకుని వీపును సీటుకు నొక్కింది. అద్దంలో చూస్తే అమ్మ కొంగు సర్దుకుంటూ, "మెల్లగ పో బిడ్డా" అంది కానీ తిట్టలేదు. నాయిన చాలాసేపు డ్యాష్‌బోర్డు వైపే చూశాడు. ఏదో మంచి మాట వస్తుందని ఎదురుచూశాను.

"లీటర్‌కు ఎంతిస్తది?"

"పద్నాలుగు."

"ఇంటికాడ ఆపు" అన్నాడు. "దవఖానకు బస్సులనే పోతం."

అన్నాడే గానీ, తర్వాతి నెల పొద్దున ఆరింటికే తయారై, అమ్మకంటే ముందు ముందు సీట్లో కూర్చున్నాడు.