చెరకు సీమలో ఉన్నత పాఠశాల భవనం: ఇంధన పొదుపునకు అంచనాల దశయే కీలకం

నిజామాబాద్: నిజాంసాగర్ కాలువ నీటితో, 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారంతో బోధన్ ప్రాంతం చెరకు సీమగా పేరొందిన విషయం విదితమే. రసం తీయగా మిగిలిన పిప్పినే బాయిలర్లకు ఇంధనంగా వాడుకొనే పరిశ్రమ అది. 2015 డిసెంబరులో కర్మాగారంలో లే ఆఫ్ ప్రకటించబడినది. అయినను శక్కర్‌నగర్ చుట్టూ పెరిగిన జనావాసాలకు, పరిసర గ్రామాలకు ఉన్నత పాఠశాలల అవసరం తగ్గలేదు. ఇక్కడ కొత్తగా నిర్మించే పాఠశాల భవనం ఎట్లా ఉండాలన్న ప్రశ్నకు సమాధానం ఈ నేల ఎండలోనే ఉన్నది.

మే నెలలో 45 డిగ్రీలు దాటే పగటి ఉష్ణోగ్రతలు నిజామాబాద్ జిల్లాకు కొత్త కాదు. ఏటా మార్చి మధ్య నుండి రాష్ట్రమంతటా ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. 2025లో మార్చి 15 నుండి ఏప్రిల్ 23 వరకు ఉదయం 8 గంటల నుండి మధ్యాహ్నం 12.30 వరకే తరగతులు జరిగినవి. చల్లని గది కట్టినంత మాత్రాన ఒంటిపూట బడి రద్దు కాదు. పిల్లల రాకపోకలకు కూడా ఎండ అడ్డంకియే. అయితే ఫిబ్రవరి చివరి వారాలలో, మార్చి తొలి పక్షంలో, తిరిగి జూన్‌లో తరగతులు పూర్తి పూట నడుస్తాయి. పదవ తరగతి విద్యార్థులు పబ్లిక్ పరీక్షలకు సిద్ధమయ్యేది, పరీక్షలు వ్రాసేది ఈ ఎండల ఆరంభంలోనే. పై అంతస్తులో స్లాబు వేడికి ఫ్యాను సైతం వేడిగాలినే విసరుతుంటే పాఠం తలకెక్కదు. కాబట్టి ఏసీలు లేని ప్రభుత్వ పాఠశాలలో ఇంధన పొదుపు అంటే కరెంటు బిల్లు తగ్గింపు కన్నా ముందు బోధనకు పనికివచ్చే గంటలను కాపాడుకోవడమని అర్థం చేసుకోవలసి ఉన్నది.

ఈ విషయంలో నిబంధనలు ఎంతవరకు వర్తిస్తాయో గమనించవలసి ఉంటుంది. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2007లో భవనాల ఇంధన పొదుపు నియమావళిని వెలువరించి, 2017లో సవరించినది. ఉమ్మడి రాష్ట్రంలో 2014లో దీనిని స్వీకరించారు. అయితే 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు, లేదా 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు గల భవనాలకే ఇది ప్రధానంగా వర్తిస్తుంది. పది గదుల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 40 ఫ్యాన్లు, 40 ఎల్ఈడీ దీపాలు, ఒక కంప్యూటర్ గది, ఒక నీటి మోటారు కలిపి చూసినను లోడు 15 కిలోవాట్లకు మించడం అరుదు. పెద్ద గురుకుల ప్రాంగణాల మాట వేరు. ఊరి బడి మాత్రం నియమావళి పరిధిలోకి రాదు. అందుచేత ఎస్టిమేటు తయారుచేసే ఇంజనీరు తనంతట తాను చేర్చనిదే ఈ అంశాలు భవనంలోకి రావు. దీనికి ఒక మినహాయింపు ఉన్నది. 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ భవనాలన్నింటికీ చల్లని పైకప్పును తప్పనిసరి చేసినది.

మొదటి నిర్ణయం దిక్కుకు సంబంధించినది. దీనికి అదనపు వ్యయం ఏమీ లేదు. నిజామాబాద్ సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ డిసెంబరు చివరన మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన దాదాపు 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మే మధ్యలో నడినెత్తికి చేరి, జులై చివరి వరకు కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు. గదుల వరుసను తూర్పు పడమరలుగా సాగదీసి, కిటికీలను ఉత్తర దక్షిణాలకు ఉంచితే ఎండను అడ్డుకోవడం సులభం. దక్షిణాన పది అడుగుల ఎత్తు కప్పు కింద ఏడు అడుగుల వరండా ఉంటే డిసెంబరు మధ్యాహ్నపు ఎండ సైతం మూడడుగుల కిటికీ గట్టును దాటి లోపలికి రాదు. ఒకే వైపు వరండా గల పాత సర్కారు బడుల నమూనాలో ఈ సుగుణం ముందునుండే ఉన్నది. ఎదురెదురు కిటికీల వల్ల వానాకాలపు ఉక్కలో గాలి కూడా ఆడుతుంది. స్థలం ఇరుకని రెండు వరుసల గదుల మధ్య చీకటి నడవా పెట్టే కొత్త నమూనాలు ఈ రెంటినీ పోగొడుతున్నాయి. పడమటి గోడకు తరగతి గదులను కాక మెట్లనో, స్టోరు గదినో ఆనించడం మేలు.

అన్నింటికన్నా ఎక్కువ ఎండ పడేది స్లాబు మీద. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ళపై చల్లని పైకప్పు పరచి పరిశీలించగా లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గినట్లు తేలినది. పాఠశాలకు తెల్ల పింగాణీ పెంకుల మొజాయిక్, తెల్లని ప్రత్యేక పెయింటు, తక్కువ ఖర్చులో సున్నపు పూత అనుకూలిస్తాయి. చిక్కు అంతా నిర్వహణలోనే. దుమ్ము పేరుకొని, వానలకు నాచు పట్టి తెలుపు మాసినచో ఫలితం తగ్గుతుంది. ఏటా ఫిబ్రవరిలోనే కప్పును కడిగి, అవసరమైతే తిరిగి పూయించాలి. దీనికి మనిషి ఎక్కడానికి శాశ్వత మెట్లు, పైన ఒక నీటి కుళాయి ప్లానులోనే ఉండాలి. చాలా భవనాలలో ఈ రెండూ కనిపించవు. 2024లో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు ఇటువంటి చిన్న పనులు అప్పగించుటకు అవకాశం ఉన్నది.

కాలువ కింది నల్లరేగడి నేలల సంగతి కూడా మరువరాదు. తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకుపోయే ఈ నేలలో సాధారణ పునాదులపై లేచిన గోడలు పగుళ్ళు బారుతాయి. స్లాబు మీది పొరలు చీలి నీరు దిగుతుంది. అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ ఇందుకు విరుగుడు. పునాదిలో తగ్గించిన ఖర్చు కప్పు మరమ్మతుల రూపంలో తిరిగి వస్తుంది.

ఇక ఫ్యాన్లు. సాధారణ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకొంటే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. 40 ఫ్యాన్లు 220 పనిదినాలు రోజుకు ఆరు గంటలు తిరిగినచో గరిష్ఠంగా ఏటా 2,300 యూనిట్లకు పైగా ఆదా అవుతుంది. 2023 జనవరి 1 నుండి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయినందున టెండరు షరతులలో స్టార్ల సంఖ్యను పేర్కొనుట సులువైనది.

సౌర ఫలకాలకు కిలోవాటుకు దాదాపు 10 చదరపు మీటర్ల కప్పు కావాలి. ఎత్తుగా అమర్చినచో అవి స్లాబుకు నీడ కూడా అవుతాయి. రోజుకు కిలోవాటుకు నాలుగు యూనిట్ల లెక్కన 5 కిలోవాట్ల యూనిట్, ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు బడి మూసి ఉన్న వేసవి సెలవులలోనే వెయ్యి యూనిట్లకు చేరువగా ఉత్పత్తి చేయగలదు. నెట్ మీటరు లేనిచో ఆ విద్యుత్తు వృథాయే. కాబట్టి ఫలకాల బరువును స్లాబు డిజైనులో, నెట్ మీటరు వ్యయాన్ని ఎస్టిమేటులో చేర్చి, ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తును భవనం పూర్తికాక ముందే సమర్పించవలసి ఉంటుంది.