గుడ్డి చేప గడియారం, రాతిలో వానలెక్క

రాయ్‌పూర్‌లోని మన తెలుగు పిల్లలు సెలవులకు బస్తర్ వెళితే తీరథ్‌గఢ్ జలపాతం చూసి, అక్కడికి దగ్గర్లోనే ఉన్న కుటుంసర్ గుహలోకి కూడా దిగి వస్తారు. ఏం చూశారర్రా అంటే, "అంతా చీకటి తాతయ్యా!" అంటారు. ఆ చీకట్లో ఏముందో చెబుతాను, ఇలా వచ్చి కూర్చోండి.

ఈ గుహ ఉన్న కాంగేర్ లోయలో సున్నపురాయి ఎక్కువ. వాననీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారి, రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. లక్షల ఏళ్లు అలా కరగ్గా కరగ్గా గుహ ఏర్పడుతుంది. కరిగిన సున్నం ఉన్న ఆ నీరు గుహ కప్పునుంచి బొట్టుగా జారేటప్పుడు వాయువు బయటికి పోతుంది, సున్నం మిగిలిపోతుంది. బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందే, అలాగే. పైనుంచి ఊడలు, కిందినుంచి దిమ్మలు అలా పెరిగినవే.

ఆ గుహ నీళ్లలో ఒక చిన్న చేప ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని నెమాకీలస్ ఎవెజార్డి అన్నారు. ఇదే జాతి చేపలు బయట వాగుల్లో మామూలు కళ్లతో, రంగుతో తిరుగుతుంటాయి. లోపలివాటికి కళ్లు కుంచించుకుపోయాయి, ఒంటి రంగు వెలిసిపోయింది. చూడటానికి వెలుతురే లేనిచోట కళ్లు లేకపోయినా నష్టం లేదు కదా! తిండి మాత్రం ఎక్కువగా వరదనీటితో బయటినుంచి కొట్టుకురావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పగలూ రాత్రీ తెలియని ఈ చేపకు వేళ తెలుస్తుందా? రాయ్‌పూర్ పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో అతనుకుమార్ పతి, జయంత్ బిశ్వాస్ వంటివారు దీన్నే పట్టుకున్నారు. ఈ చేప అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి గుటక వేస్తుంది. ఆ గుటకల్ని ఓపిగ్గా లెక్కపెట్టి, వాటిలో రోజు లయ, ఏడాది లయ రెండూ ఉన్నాయని 1990లో ప్రకటించారు. కళ్లు పోయినా ఒంట్లోని గడియారం పూర్తిగా ఆగిపోలేదన్నమాట! పెద్ద యంత్రాల కంటే ఇలాంటి ఓర్పు గల లెక్కలే నాకు ఎక్కువ గొప్పగా అనిపిస్తాయి.

రాతిదీ ఒక లెక్కే. అదే కాంగేర్ లోయలో దండక్ గుహ ఉంది. అక్కడి దిమ్మ ఒకటి తీసి పొరపొరనూ పరీక్షించిన ఆశిష్ సిన్హా బృందం, క్రీ.శ. 600 నుంచి 1500 దాకా మన నైరుతి రుతుపవనాల తీరును 2007లో వెల్లడించింది. ఎలాగంటే, ఆక్సిజన్‌లో తేలిక రకం, బరువు రకం ఉంటాయి. వానలు దండిగా కురిసిన ఏళ్లలో వాననీటిలో బరువు రకం పాలు తగ్గుతుంది. ఆ తేడా రాతి పొరలో నిలిచిపోతుంది. పద్నాలుగు, పదిహేనో శతాబ్దాల్లో వానలు ఏళ్లతరబడి బలహీనపడ్డాయని ఆ పొరలు చెప్పాయి. దక్కన్‌లో 1396లో మొదలై ఏళ్లపాటు సాగిన దుర్గాదేవి కరువు ఆ కాలానిదే. మనుషులు రాసి పెట్టుకున్న కరువుకు రాయి సాక్ష్యం పలికింది.

ఇదంతా ఎక్కడో అడవి సంగతి అనుకోకండి. ఆ లోయలో పారే కాంగేర్ నది కోలాబ్‌లో కలుస్తుంది. ఆ కోలాబే మన శబరి. కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది.

వానాకాలంలో కుటుంసర్ గుహలోకి నీళ్లు వస్తాయి కాబట్టి మూసేస్తారు, ఆ తర్వాతే వెళ్లండి. లోపల గైడ్ వెంటే నడవండి. లైటు వెయ్యాల్సి వస్తే కాసేపే వెయ్యండి, ఎక్కువసేపు వెలుతురు పడితే రాతిమీద పాచి పుడుతుంది. ఊడల్ని ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటినచోట కొత్త పొర సరిగా కట్టదు. జ్ఞాపకానికని చిన్న ముక్కయినా విరిచి తేకండి, అందులో ఇంకా ఎవరూ చదవని వానలు ఉంటాయి.