ఫోన్‌లో పాత రేటు చూసి గూళ్లు ఆపుకోకండి

శిడ్లఘట్ట మార్కెట్‌కు గూళ్లు తీసుకుపోయే ముందు ఫోన్‌లో రేటు చూడటం మనకు అలవాటే. పోయిన పంటప్పుడు మా ఫోన్‌లో పేజీ సగం చెదిరిపోయింది, తేదీ కూడా మారలేదు. రేటు లేవలేదులే అనుకుని ఒక రోజు ఆగాము. తీరా చూస్తే పక్కింటి పిల్లవాడి ఫోన్‌లో అదే పేజీలో కొత్త రేటుంది! లోపలి పురుగు చిలుకై గూడు తొలుచుకుని వస్తే రీలర్లు ముట్టుకోరు గదా.

పేజీ తొందరగా తెరుచుకోవాలని క్రోమ్ కొన్ని ఫైళ్లు ఫోన్‌లోనే దాచుకుంటుంది. దాన్ని క్యాష్ అంటారు, డబ్బు క్యాష్ కాదు లెండి. ఒక్కోసారి ఆ పాత సరుకే మనకు చూపిస్తుంది.

పై మూల మూడు చుక్కలు నొక్కి 'డిలీట్ బ్రౌజింగ్ డేటా'లోకి పోండి. 'మోర్ ఆప్షన్స్'లో 'ఆల్ టైమ్' పెట్టి, ముందు క్యాష్ ఒక్కటే తీసేయండి. అప్పటికీ సరికాకపోతేనే కుకీలు. అవి పోతే సైట్లు మళ్లీ లాగిన్ అడుగుతాయి. పాస్‌వర్డ్‌ల దగ్గర మాత్రం టిక్ పెట్టొద్దు. వాట్సాప్ మెసేజ్‌లు, ఫోటోలు ఎక్కడికీ పోవు.

ఇంత చేసినా పాత తేదీయే ఉంటే, సైట్‌లోనే ఇంకా మార్చలేదేమో. మార్కెట్‌లో ఉన్న మనవాళ్లకు ఒక ఫోన్ కొట్టండి.