సింథసైజర్ ఒక్కటీ ఉంటే సరిపోదు

న్యూవేవ్ సంగీతం అనగానే చాలామందికి 1980ల నాటి సింథసైజర్ మోత, వింత హెయిర్ స్టయిళ్లు, రంగురంగుల ఎంటీవీ వీడియోలు గుర్తొస్తాయి. ఆ గుర్తులే పట్టుకుని తెలుగులో న్యూవేవ్ ఎక్కడుందని వెతికితే, చెయ్యి తిన్నగా బ్రేక్ డాన్స్ పాటల మీదికే పోతుంది. 1987లో వచ్చిన ‘పసివాడి ప్రాణం’తో చిరంజీవి బ్రేక్ డాన్స్ ఊరూరా పాకింది. ఆ పాటల్లో ఎలక్ట్రానిక్ హంగులకు కొదవ లేదు. అయినా న్యూవేవ్‌ను అక్కడ వెతకడం సరికాదని నా అభిప్రాయం. ఆ సంగీతాన్ని తక్కినవాటినుంచి వేరు చేసింది పొదుపు. పాటలో ఏది లేకపోయినా నడుస్తుందో దాన్ని తీసేసి, మిగిలిన నాలుగు శబ్దాలూ దేనికది విడిగా వినిపించేలా చేయడం దాని పద్ధతి. ఈ కొలతతో చూస్తే తెలుగు న్యూవేవ్ 1989లో వచ్చిన ‘శివ’ దగ్గర మొదలై, 1995లో ‘గులాబీ’ దగ్గర పూర్తి రూపానికి వచ్చింది. ఇంకో మాటలో చెప్పాలంటే, దర్శకుడు రాంగోపాల్ వర్మ చుట్టూ చేరిన సంగీతమే మన న్యూవేవ్.

ముందు అసలు సంగతి చూద్దాం. 1973 చివర్లో న్యూయార్క్‌లోని బవరీ వీధిలో హిల్లీ క్రిస్టల్ అనే ఆయన సీబీజీబీ అనే చిన్న క్లబ్బు తెరిచాడు. పంక్ బృందం రామోన్స్‌కు పేరు తెచ్చిన చోటు అదే. 1975లో వాళ్ల కచేరీకి ముందు పాడే అవకాశంతో టాకింగ్ హెడ్స్ బృందం తొలిసారి వేదిక ఎక్కిందీ అక్కడే. కొద్దికాలానికే పంక్‌కు చెడ్డపేరు వచ్చింది. రేడియోలవాళ్లు, దుకాణాలవాళ్లు భయపడేవాళ్లు. సైర్ రికార్డ్స్ అధిపతి సీమోర్ స్టీన్ తన బృందాలను పంక్ అనొద్దనీ, న్యూవేవ్ అనమనీ ప్రచారం చేశాడు. అంటే ఈ పేరు పుట్టుకలోనే వ్యాపారం ఉంది. ఈ సంగతి మళ్లీ అవసరం పడుతుంది. పంక్ నుంచి న్యూవేవ్ తీసుకున్న ఆస్తి ఒక్కటే: పెద్ద వాద్యబృందం, గొప్ప విద్వత్తు, ఇరవై నిమిషాల సోలోలు లేకుండానే పాట కట్టవచ్చన్న ధైర్యం. పంక్ ఆ ధైర్యాన్ని కేకగా మార్చింది. న్యూవేవ్ మాత్రం కూర్చుని ఆలోచించింది.

ఆ ఆలోచన వినిపించే ఆల్బమ్‌లలో నాకు ఇష్టమైనవి నాలుగున్నాయి. 1978లో బ్లాండీ బృందం తెచ్చిన ‘పారలల్ లైన్స్’ మొదటిది. అందులోని ‘హార్ట్ ఆఫ్ గ్లాస్’ పాటలో రోలాండ్ కంపెనీ సీఆర్-78 అనే రిథమ్ యంత్రం టిక్కుటిక్కుమంటూ నడుస్తుంటే, డ్రమ్మర్ క్లెమ్ బర్క్ దానికి కట్టుబడి వాయిస్తాడు. యంత్రాన్ని దాచిపెట్టే ప్రయత్నం ఎక్కడా ఉండదు. మనిషే యంత్రానికి సర్దుకున్నాడు, ఆ సర్దుబాటులో కొత్త అందం పుట్టింది. గ్యారీ న్యూమన్‌కు సింథసైజర్ దొరికిన తీరూ ఇలాంటిదే. గిటార్ పాటలు రికార్డు చేద్దామని స్టూడియోకు వెళితే, అక్కడ ఎవరో వదిలేసిన మినీమూగ్ కనిపించింది. 1979లో ‘ది ప్లెజర్ ప్రిన్సిపుల్’ వచ్చేసరికి మామూలు గిటార్‌ను పూర్తిగా పక్కన పెట్టేశాడు. బేస్, డ్రమ్స్, వాటి మీద చల్లటి సింథసైజర్ గీతలు, ఆపైన ఎటో చూస్తూ మాట్లాడుతున్నట్టున్న గొంతు, అంతే. 1981లో హ్యూమన్ లీగ్ చేసిన ‘డేర్’లో నిర్మాత మార్టిన్ రషెంట్, రోజర్ లిన్ రూపొందించిన ఎల్‌ఎమ్-1 డ్రమ్ యంత్రాన్ని వాడాడు. అందులో ఒక్కో దెబ్బ చుట్టూ ఎంత ఖాళీ ఉంటుందంటే, పాట వింటూ దెబ్బలను వేళ్లతో లెక్కపెట్టవచ్చు.

నాలుగోది, ఈ నాలుగింటిలో గొప్పది, 1980 నాటి ‘రిమెయిన్ ఇన్ లైట్’. నైజీరియా సంగీతకారుడు ఫెలా కూటి లయను టాకింగ్ హెడ్స్, నిర్మాత బ్రయాన్ ఈనో కలిసి ఒంటబట్టించుకుని చేసిన పని ఇది. ఇందులో వాయిద్యాలు చాలానే ఉన్నాయి కదా, పొదుపు ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఒక్కో వాయిద్యం చేసే పనిలో ఉంది. బేస్ రెండు మూడు స్వరాలే పట్టుకుని తిరుగుతుంది. గిటార్ ఒక చిన్న గీరు గీరి ఊరుకుంటుంది. ఎవరికీ సొంత ప్రదర్శన లేదు, ఒకరు వదిలిన సందులో ఇంకొకరు దూరతారు. మంది ఎక్కువున్నా మాట తక్కువ. కాబట్టి పొదుపంటే వాయిద్యాల సంఖ్య తగ్గించడమని అనుకోనక్కర్లేదు. ఎవరి వంతు ఎంతో తెలిసి వాయించడం దాని అసలు లక్షణం.

యంత్రం ఉన్నంత మాత్రాన ఈ గుణం రాదనడానికి మన దేశంలోనే గట్టి రుజువుంది. హిందీ సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో బొంబాయిలో రోలాండ్ టీఆర్-808, టీబీ-303, జూపిటర్-8 యంత్రాలు ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో లయలో వాయించాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలయ్యాక, తర్వాతి కాలపు షికాగో యాసిడ్ హౌస్ సంగీతానికి ఇదెంత దగ్గరగా ఉందోనని ప్రపంచం ఆశ్చర్యపోయింది. న్యూవేవ్ బృందాలు వాడిన రకం యంత్రాలే అవి, అదే కాలం. వచ్చిన సంగీతం మాత్రం పూర్తిగా వేరు. తెలుగులో సంగీత దర్శకుడు చక్రవర్తి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొమ్మినేని అప్పారావు ఆయన అసలు పేరు. 1980లలో ఆయన చేసినన్ని మాస్ పాటలు ఇంకెవరూ చేయలేదేమో. ఎలక్ట్రానిక్ శబ్దాలను ఆయన వాడిన తీరు తిరునాళ్లలో సీరియల్ లైట్లు పెట్టినట్టుంటుంది: ఉన్న సందడికి ఇంకొంత సందడి. అది లోపం కాదు. థియేటర్లో చివరి బెంచీ దాకా కుదిపే పాట కావాలని నిర్మాత అడిగాడు, ఆయన ఇచ్చాడు. న్యూవేవ్ అడిగేది మాత్రం దీనికి సరిగ్గా ఎదురు.

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. ఖైరతాబాద్ దాటి పంజాగుట్ట మీదుగా పోతే వచ్చే అమీర్‌పేటలో రాంగోపాల్ వర్మ వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపాడు. అంతకుముందు బంజారాహిల్స్‌లో కృష్ణా ఒబెరాయ్ హోటల్ కడుతున్నప్పుడు సైట్ ఇంజనీరుగా పనిచేశాడు. మద్రాసు స్టూడియోల్లో ఏళ్లకేళ్లు అసిస్టెంటుగా తిరగకుండా, హాలీవుడ్ సినిమాలు వెనక్కీ ముందుకూ తిప్పి చూసి నేర్చుకున్న మనిషి. సీబీజీబీ బృందాలకూ ఈయనకూ ఉన్న అసలు పోలిక ఇదే: గురుకులం బయట నేర్చుకోవడం, అందువల్ల ఫలానాది తప్పనిసరి అన్న భయం లేకపోవడం. 1989 అక్టోబరులో వచ్చిన ఆయన సినిమా ‘శివ’కు సంగీతం ఇళయరాజా. పాటలు బాగున్నాయి, వాటిలో ‘బోటనీ పాఠముంది’ కాలేజీ భాషను పాటలోకి తెచ్చింది. అయినా ఆ సినిమాలో నిజంగా కొత్తది నేపథ్య సంగీతం, దాని పక్కనే ఉన్న నిశ్శబ్దం. సైకిల్ చైన్ తెంపే సన్నివేశం తలుచుకుంటే ప్రేక్షకుడి చెవిలో మెదిలేది చైన్ చప్పుడు. శబ్దానికి చోటు కావాలంటే సంగీతం పక్కకు తప్పుకోవాలని ఆ సినిమా చూపించింది. అంతకుముందు మన సినిమాల్లో కొట్లాట వచ్చిందంటే వయొలిన్లు, ట్రంపెట్లు ఒక్కసారిగా మీద పడేవి.

రెండేళ్లకు వర్మ ‘క్షణ క్షణం’ వచ్చింది. అప్పుడప్పుడే పైకొస్తున్న కీరవాణి, సిరివెన్నెల సీతారామశాస్త్రి కలిసి అడవిలో రాత్రిపూట పాడే ‘జామురాతిరి’ని జోలపాటగా మలిచారు. శ్రీదేవి, వెంకటేశ్ లాంటి తారలున్న సినిమాలో యుగళగీతాన్ని అంత మెల్లగా నడపడం చిన్న తెగింపు కాదు. అక్కణ్నుంచి ఈ దారి చక్రవర్తి ఇంట్లోకే వెళ్లింది. ఆయన కొడుకు శ్రీ 1993లో వర్మ నిర్మించిన ‘మనీ’కి, వర్మ తీసిన ‘గాయం’కు సంగీతం చేశాడు. తండ్రి పాటలు వింటూ పెరిగిన కొడుకు, వాటికి నేరుగా ఎదురుగా నడిచే పాటలు కట్టాడు. ‘గాయం’లో చిత్ర పాడిన ‘అలుపన్నది ఉందా’లో లయ తేలిగ్గా కింద నడుస్తుంటుంది, మీద గొంతు ఒక్కటే బరువు మోస్తుంది. ‘మనీ’ పాటల్లో డబ్బు లేని కుర్రాళ్ల మాటలు, సగం ఇంగ్లిషు, సగం వెటకారం. టాకింగ్ హెడ్స్ పాటల్లో నగరంలో ఊపిరాడని మధ్యతరగతి మనిషి కనిపిస్తాడు. ‘మనీ’లో అద్దె కట్టలేని హైదరాబాద్ కుర్రాడు కనిపిస్తాడు. శ్రీ 2015లో చనిపోయేదాకా చేసిన సినిమాలు తక్కువే. దక్కాల్సిన పేరు ఆయనకు దక్కలేదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక ‘గులాబీ’. దర్శకుడిగా కృష్ణవంశీకి తొలి సినిమా, నిర్మాణంలో వర్మ ఉన్నాడు, సంగీతం హైదరాబాద్‌కు చెందిన శశిప్రీతమ్. ‘ఈ వేళలో నీవు’ సునీతకు తొలి సినిమా పాట. అంతవరకూ తెలుగు సినిమాలో కథానాయిక పాడిందంటే గమకాలు, ఆలాపనలు, మధ్యలో వయొలిన్ల వరద ఉండాల్సిందే. ఈ పాటలో కీబోర్డు స్వరాలు పలచగా పరుచుకుని ఉంటాయి, గొంతు చెవి దగ్గర మాట్లాడినంత చనువుగా వినిపిస్తుంది. ఎక్కడా అరిచి మెప్పించాలన్న తాపత్రయం లేదు. వాక్యం పూర్తయ్యాక వదిలిన ఖాళీలోనే ప్రేమలో పడ్డ అమ్మాయి తడబాటంతా ఉంది. ‘డేర్’ను ఇష్టపడేవాళ్లకు ఈ పాట ఎందుకు నచ్చుతుందో వివరించే పని లేదు, ఒకదాని వెంట ఒకటి వినిపిస్తే చాలు.

దీనికి అభ్యంతరాలుంటాయి. మొదటిది బలమైనదే: న్యూవేవ్ అంటే సొంతంగా పాటలు రాసుకుని పాడుకునే బృందాలు, మనవి సినిమా పాటలు, దర్శకుడు అడిగితే కట్టినవి, వ్యాపారం కోసం చేసినవి. రెండిటికీ పోలికేమిటి? బృందాలు లేవన్నది నిజమే, ఆ తేడాను నేను కాదనను. కానీ వ్యాపారం లేని న్యూవేవ్ అక్కడ కూడా లేదు. దాని పేరునే ఒక కంపెనీ యజమాని ప్రచారంలో పెట్టాడు. ‘పారలల్ లైన్స్’కు నిర్మాత మైక్ చాప్‌మన్, వరసబెట్టి హిట్ పాటలు కొట్టడంలో ఆరితేరినవాడు. పైగా క్యాసెట్ల కాలంలో తెలుగువాళ్లు సినిమా పాటను సినిమాతో ముడిపెట్టి మాత్రమే వినలేదు. హాస్టల్ గదిలో టేప్ రికార్డర్‌లో ‘గులాబీ’ క్యాసెట్ రెండు వైపులూ తిప్పి విన్నవాడికి అది ఆల్బమే.

రెండో అభ్యంతరం: కొత్తదనం సంగతే అయితే 1992 నాటి ‘రోజా’తో వచ్చిన రెహమాన్‌ను వదిలి వీళ్లను పట్టుకోవడమేమిటి? రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు సొంత స్టూడియోలో కూర్చుని దేశమంతటి పాటను మార్చేశాడు కదా? మార్చాడు, అందులో సందేహం లేదు. ‘చిన్ని చిన్ని ఆశ’ పొదుపు వీళ్లెవరి పొదుపుకూ తీసిపోదు. అయితే ఆయన మనసు నిండుతనం వైపు లాగుతుంది: పొర మీద పొర, కోరస్ మీద కోరస్, చివరికి శబ్దమంతా ఒక్క ప్రవాహమవుతుంది. అది గొప్ప సంగీతం, వేరే తరహా. మూడోది ఇళయరాజా గురించి. ఆయన సంప్రదాయ వాద్యబృందంతో పనిచేసే మనిషి, ఆయన్ను ఈ కోవలో ఎలా చేరుస్తారని అడిగితే, ‘శివ’ పాటలను నేను చేర్చడం లేదు, నేపథ్య సంగీతాన్నే చేరుస్తున్నాను. ఇంకొకటి కూడా స్పష్టంగా చెప్పాలి: శ్రీ, శశిప్రీతమ్ న్యూయార్క్, లండన్ ఆల్బమ్‌లు విని అనుకరించారని నేననడం లేదు. చేతికందే కీబోర్డు, తక్కువ బడ్జెట్, పాత పద్ధతి మీద విసుగు, పెరుగుతున్న నగరం, ఈ నాలుగూ ఒకచోట చేరితే పాట సన్నబడుతుంది. అక్కడా చేరాయి, ఇక్కడా చేరాయి.

ఈ సంగీతానికి కొత్తవాళ్లు ‘హార్ట్ ఆఫ్ గ్లాస్’తో మొదలుపెట్టి, వెంటనే ‘మనీ’ పాటలు వినడం మంచి పద్ధతి. ఆ తర్వాత ‘డేర్’ మొత్తం, దాని వెనకే ‘ఈ వేళలో నీవు’. ‘రిమెయిన్ ఇన్ లైట్’ను మాత్రం చివరికి ఉంచుకోండి. మొదటిసారి గందరగోళంగా అనిపిస్తే బేస్ ఒక్కదాన్నే పట్టుకుని మళ్లీ వినండి, మిగతావి వాటంతటవే విడివడతాయి. ఫోన్ స్పీకర్‌లో వింటే వీటిలో సగం పోతుంది, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి.