ఎముకకూ ప్రాణముంది

ఎముక అనగానే ఎండిపోయిన, ప్రాణం లేని వస్తువు మన తలపుకు వస్తుంది. కాని మన ఒంట్లోని ఎముకలో రక్తనాళాలున్నాయి, నరాలున్నాయి. లోపలి మూలుగలో రక్తకణాలు పుడుతుంటాయి. పసిబిడ్డకు దాదాపు 300 ఎముకలు. పెరిగేకొద్దీ కొన్ని అతుక్కుపోయి పెద్దవారిలో 206 అవుతాయి.

ఒకరకం కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే మరోరకం కణాలు కొత్తది కడుతుంటాయి. బ్రతికినన్నాళ్లూ ఈ మరమ్మతు సాగుతూనే ఉంటుంది. ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 పాళ్లు ఎముకలలో, పళ్లలో ఉంటుంది. రక్తంలో అది తగ్గితే శరీరం ఎముకనుండే తీసుకుంటుంది. నెలసరి ఆగిన స్త్రీలలో కరగడం ఎక్కువై, కట్టడం వెనుకబడుతుంది. మన నాయనమ్మలు, అమ్మమ్మలు కాస్త జారిపడినా తుంటి విరగడానికి ఇదొక కారణం.

కొన్ని ఊళ్లలో తాగే నీరే ఎముకను చెడగొడుతుంది. నల్గొండ జిల్లా పల్లెల్లో నడుము వంగిపోయినవారిని చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీరు ఏళ్ల తరబడి తాగితే ఎముక దట్టమవుతుంది గాని పెళుసుబారుతుంది. కీళ్ల దగ్గరి నరాల్లాంటి కట్లు సైతం గట్టిపడి, కదలనివ్వవు. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు చాలామంది. పోదు సరికదా, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు.

బోరు నీరు తాగే ఇంట పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు కనిపిస్తే ముందు ఆ నీటిని పరీక్ష చేయించాలి.